కళ్లు మూసుకుంటే చాలదు

పూసలార్ దగ్గర డబ్బు లేదు. చెన్నైకి పడమట ఉన్న తిరునిన్రవూరులో శివుడికి గుడి కట్టాలని ఆ పేద బ్రాహ్మణుడి కోరిక. ఎంత తిరిగినా పైకం పుట్టలేదు. దాంతో మనసులోనే పని మొదలుపెట్టాడు. సామగ్రి కూర్చుకున్నాడు, శిల్పుల్ని కుదుర్చుకున్నాడు, మంచి రోజు చూసి పునాది వేశాడు. రాత్రిళ్లు నిద్ర మాని వరస మీద వరస పేర్చుకుంటూ శిఖరం దాకా తెచ్చాడు. సున్నం పూత, బావి, ప్రహరీ, కోనేరు... ఏదీ విడవలేదు. ఆఖరికి కుంభాభిషేకానికి ముహూర్తం పెట్టుకున్నాడు. కంచిలో పల్లవరాజు కట్టిన రాతిగుడికీ అదే రోజు ముహూర్తం. శివుడు రాజు కలలోకి వచ్చి, తాను ఆ రోజు పూసలార్ గుడికి వెళ్లాలి గనక నీ ప్రతిష్ఠ ఇంకో రోజుకు మార్చుకోమన్నాడట. రాజు వెతుక్కుంటూ వచ్చి చూస్తే ఊళ్లో గుడి లేదు, పూసలార్ ఉన్నాడు. పన్నెండో శతాబ్దంలో శేక్కిళార్ రాసిన పెరియ పురాణంలోని కథ ఇది. ఇప్పుడు ఆ ఊళ్లో హృదయాలీశ్వరుడి గుడి ఉంది.

అందరూ ఈ కథలో భక్తినే మెచ్చుకుంటారు. పనితనాన్ని ఎవరూ మెచ్చుకోరు. పూసలార్ పునాదికి ముందు శిఖరాన్ని ఊహించలేదు. కోనేరు తవ్వకుండా కుంభాభిషేకం తలపెట్టలేదు. మానసపూజ అనే విద్యకు ప్రాణం ఆ క్రమమే.

భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి నేర్పిన ధ్యానం చూడండి. విష్ణుమూర్తి నిండు రూపాన్ని తలుచుకుని అక్కడితో ఊరుకోమనడు, ఒక్కో అవయవం మీదా మనసు నిలపమంటాడు. ముందు పాదాలు, పాదాల్లో వజ్రం, అంకుశం, ధ్వజం, పద్మం రేఖలు, ఎర్రటి గోళ్ల కాంతి. తర్వాత మోకాళ్లు, తొడలు, నాభి, వక్షం, కంఠం, చేతులు, ఆయుధాలు. అటు పిమ్మటే ముఖం, కళ్లు. నవ్వు అన్నిటికన్నా చివర. ద్వితీయ స్కంధంలో శుకుడు పరీక్షిత్తుకు ఇంకో నియమం చెప్పాడు: ఒకచోట మనసు నిలిచాకే దాన్ని వదిలి పై అవయవానికి వెళ్లాలి. అసలు కిటుకు ఇంకా ముందుంది. నవ్వు దాకా చేరిన మనసును, చేప నోటి నుంచి గాలం తీసినట్టు, మెల్లగా ఆ రూపం నుంచి కూడా విడిపించమంటాడు కపిలుడు. రూపం కట్టడం సగం విద్య, దాన్ని కరిగించడం మిగతా సగం.

లలితా సహస్రనామం పుస్తకం ఉన్న ప్రతి తెలుగింట్లోనూ ఈ విద్య ఉంది. పేజీ తిప్పేయడమే జరుగుతోంది. నామాలకు ముందు మంత్రంతో ఒక్కో అవయవాన్నీ తాకే న్యాసం, ధ్యాన శ్లోకాలు, వాటి దగ్గరే లమిత్యాది పంచపూజ అని ఒక పొట్టి సూచన. అది చదివి ఊరుకునే మాట కాదు, చేయాల్సిన పని. లం బీజంతో భూమిని గంధంగా, హం తో ఆకాశాన్ని పువ్వుగా, యం తో గాలిని ధూపంగా, రం తో నిప్పును దీపంగా, వం తో అమృతాన్ని నైవేద్యంగా మనసులో సమర్పించాలి. ధ్యాన శ్లోకాలైనా అంతే. ఒకదానిలో అమ్మవారి చేతుల్లో మధువు నిండిన రత్నపాత్ర, ఎర్ర కలువ. ఇంకోదానిలో పాశం, అంకుశం, పూలబాణాలు, విల్లు. రెండు రూపాలు వేరని గమనించకుండానే ఏళ్ల తరబడి పారాయణ చేసేవాళ్లున్నారు. మైకు పెట్టి వేగంగా నామాలు ముగించే సామూహిక పారాయణల్లో గమనించే వీలెక్కడిది?

భాగ్యనగరంలో పుట్టాడని చెప్పుకునే భాస్కరరాయలు ఈ విద్యలో ఉద్దండుడు. శరీరమే శ్రీచక్రమని చెప్పే భావనోపనిషత్తుకు వ్యాఖ్యానం రాసి ఊరుకోలేదు. ఏ దేవతను ఒంట్లో ఏ చోట భావించాలో ప్రయోగవిధిగా వరస కట్టి ఇచ్చాడు.

ముత్తుస్వామి దీక్షితులు అదే దారిని రాగాల్లో పోశాడు. తిరువారూరు కమలాంబ మీది నవావరణ కీర్తనలకు సాటి చెప్పడం కష్టం. ధ్యాన కీర్తన తోడిలో, మంగళం శ్రీరాగంలో, నడుమ శ్రీచక్రంలోని తొమ్మిది ఆవరణలకు తొమ్మిది కీర్తనలు. మొదటి ఎనిమిదీ ఎనిమిది విభక్తుల్లో నడుస్తాయి. తొమ్మిదోదానిలో విభక్తులన్నీ కలుస్తాయి. ఆనందభైరవిలో భూపురం దగ్గర బయల్దేరిన శ్రోత కల్యాణిలో పదహారు రేకుల్లోకి, శంకరాభరణంలో ఎనిమిది రేకుల్లోకి వెళ్తాడు. ఘంటారాగంలో త్రికోణం చేరి, ఆహిరిలో బిందువు ముందు నిలుస్తాడు. గొంతుతో చేయిపట్టి నడిపించే ధ్యానానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఏముంటుంది?

ఇది ఒక్క మతం సొత్తు కాదు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మన అమరావతి దగ్గరి ధాన్యకటకంలోనే ఉపదేశించాడని టిబెటన్ల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు. రంగుల ఇసుకతో వేసే ఆ మండలంలో 722 మంది దేవతలుంటారంటారు. సాధకుడు ఆ సౌధాన్ని మనసులో కట్టుకోవాలి, ఆపై శూన్యంలో లయం చేయాలి. భిక్షువులు రోజుల తరబడి వేసిన ఇసుక మండలాన్ని చివర్లో చెరిపేస్తారు. కపిలుడు చెప్పిన మిగతా సగం ఇక్కడా ఉంది.

ఆధునికుల్లో స్వామి సత్యానంద సరస్వతి పేరు చెప్పుకోవాలి. పాత న్యాసంలోంచి ఆయన యోగనిద్ర పద్ధతి తయారుచేసి ముంగేరు ఆశ్రమం నుంచి లోకానికిచ్చాడు. సంకల్పం, ఒళ్లంతా అంగం వెంట అంగం ఎరుక తిప్పడం, శ్వాస, బరువు - తేలిక, వేడి - చలి వంటి ద్వంద్వాలు, గబగబా మార్చే దృశ్యాలు, మళ్లీ సంకల్పం. గురువు గొంతు వింటూ నిద్రపోకూడదన్నది మొదటి షరతు.

ఇప్పుడు ఫోన్లో యోగనిద్ర అని వెతికితే దొరికేది ఆ షరతును తలకిందులు చేసిన సరుకు. హాయిగా నిద్రపట్టడానికట! వేణువు ముక్క ఒకటి వెనక వేసి, జలపాతం ఊహించుకోండి, తెల్లని వెలుగు ఊహించుకోండి అని తీయగా చెప్పి పది నిమిషాల్లో వదిలేస్తారు. ఏ వైపు నుంచి చూడాలో చెప్పరు, ఏది ముందో చెప్పరు, కరిగించడం అసలే నేర్పరు. అలసిన మనిషికి అది విశ్రాంతి ఇస్తే సంతోషమే, దాన్ని సాధన అనడమే మోసం. ఇంకొందరు మరీ తెగించారు. రుసుము కడితే గతజన్మ యాత్ర, వారాంతంలో మూడో కన్ను, పిల్లల కళ్లకు గంతలు కట్టి చదివించే తరగతులు! గంతల పక్క సందులోంచి చూసి చదివే పిల్లవాడికి అబద్ధమాడటం తప్ప ఏం అబ్బుతుంది?

అసలు నేర్పేవాళ్లు తొందరపెట్టరు. బొమ్మ కట్టకపోతే కంగారుపడొద్దంటారు. మనసులో దృశ్యమే రానివాళ్లు కొందరుంటారు. 2015లో ఆడమ్ జీమన్ అనే నాడీవైద్యుడు ఆ స్థితికి అఫాంటేసియా అని పేరుపెట్టాడు. అలాంటివారికీ గంధం వాసన, గంట చప్పుడు, న్యాసంలో వేలి స్పర్శ ఉన్నాయి.

స్తోత్ర పుస్తకాలు అచ్చువేసే ప్రచురణకర్తలు లమిత్యాది దగ్గర ఏం చేయాలో నాలుగు తెలుగు వాక్యాలు చేర్చాలి. పారాయణ సంఘాలు వారంలో ఒక్కరోజు మైకు ఆపి, ఒక్క ధ్యాన శ్లోకాన్ని పాదాల నుంచి నవ్వు దాకా నిదానంగా చెప్పించాలి. ఆ పద్ధతి నోటికొచ్చిన పెద్దలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టే పని ఈ ఏడే మొదలవ్వాలి.