ఎఱ్ఱదనమును చూపు చిత్రము, తొలగించు కాంతి

ముఖముపై సన్నని ఎఱ్ఱని రక్తనాళములు తేలుట, పుట్టుకతోనే ఎఱ్ఱని మచ్చ యుండుట సాధారణముగ ప్రాణాపాయకరములు కావు. కాని వానితో నలుగురిలో తిరుగువారి బాధ చిన్నది కాదు. వీనికి కాంతితో చికిత్స కలదు. ఇప్పుడు ఆ చికిత్సకు ముందు ప్రత్యేకమైన కెమెరాతో ముఖచిత్రమును తీసి, దానిని బట్టి కాంతిని ప్రయోగించు పద్ధతి వ్యాపించుచున్నది. ఆ చిత్రము ఎంతవరకు దారి చూపగలదు?

మొదట చికిత్సలోని సూత్రమును గమనింతము. ఆకుపచ్చని వెలుతురులో ఎఱ్ఱని కాగితము నల్లగా కనిపించును. ఎఱ్ఱని వస్తువు ఆకుపచ్చని కాంతిని మ్రింగివేయుటయే దీనికి కారణము. రక్తములోని హీమోగ్లోబిన్ కూడ ఇట్టిదే. ప్రాణవాయువుతో కూడినప్పుడు అది 542, 577 నానోమీటర్ల వద్ద కాంతిని మిక్కుటముగ గ్రహించును. ఇట్టి కాంతిని క్షణికముగ ప్రసరింపజేసినచో రక్తము వేడెక్కి, నాళపు గోడ చెడును. చుట్టునున్న కణములు నిలుచును. ఈ సిద్ధాంతమును ఆండర్సన్, పారిష్ అను శాస్త్రజ్ఞులు 1983లో ప్రకటించిరి. నేడు 585, 595 నానోమీటర్ల రంజక లేజర్లు ఇందుకు వాడబడుచున్నవి.

అయితే ఆ క్షణము ఎంత? గ్లాసులోని కాఫీ త్వరగా చల్లారును, గంగాళములోని నీరు ఆలస్యముగ చల్లారును. అట్లే నాళపు వ్యాసము రెట్టింపైనచో చల్లారుటకు నాలుగు రెట్ల కాలము పట్టును. కావున వైద్యునకు మూడు సంగతులు తెలియవలెను: నాళము ఎచ్చట నున్నది, ఎంత లావు, ఎంత లోతు.

చర్మచిత్రము మొదటి ప్రశ్నకు చక్కని సమాధానము నిచ్చును. కెమెరాకు, దీపమునకు అడ్డముగ రెండు పోలరాయిడ్ పలకలను ఒకదాని కొకటి లంబముగ నుంచినచో చర్మము పైపై మెరుపు తొలగిపోవును; లోపలికి పోయి చెదరి వచ్చిన కాంతియే చిత్రమున పడును. కంటికి తెలియని ఎరుపు కూడ అప్పుడు స్పష్టపడును. ఇది మెచ్చదగిన ఉపాయమే.

కాని మిగిలిన రెండు ప్రశ్నలకు ఆ చిత్రము దాదాపు మౌనము వహించును. లోతున నున్న లావు నాళము, పైనున్న సన్నని నాళముల గుంపు ఒకే విధమైన ఎఱ్ఱని మచ్చగా కనిపింపవచ్చును. అంతేకాక ఎండ, వ్యాయామము, సిగ్గు ముఖమును ఎఱ్ఱబరచును. చర్మమున కానించి చూచు పరికరమును గట్టిగ నొక్కినచో రక్తము తొలగి నాళమే మాయమగును. చికిత్సకు ముందు, తర్వాత తీసిన చిత్రములను పోల్చువారు ఈ సంగతి మరువరాదు.

మన వంటి చామనఛాయ ప్రజలకు మరియొక చిక్కు కలదు. చర్మపు పై పొరలోని మెలనిన్ కూడ ఇదే కాంతిని గ్రహించును. అందువలన చిత్రములో ఎరుపు లెక్క తప్పవచ్చును. చికిత్సలో ఆ పొరయే కాలి నల్లని లేక తెల్లని మచ్చలు మిగులవచ్చును. ఎరుపును మాత్రమే చూపి, మెలనిన్ ఎంత యున్నదో చెప్పని చిత్రము ఇచ్చట సగము దారియే చూపును.

ఇంతకంటె మంచి ప్రయత్నములు లేకపోలేదు. లేజరు కాంతి చర్మముపై పడినప్పుడు ఏర్పడు చుక్కల మెరపు, కదలు రక్తము వలన మసకబారును. ఈ మసకను బట్టి రక్తప్రవాహమును కనుగొను పద్ధతిని 1981లో ఫెర్షర్, బ్రయర్స్ సూచించిరి. దీనితో చికిత్స జరుగుచుండగనే ప్రవాహము ఆగినదో లేదో చూడవచ్చును. ఇది ‘ఎంత ఎఱ్ఱగా నున్నది?’ అని కాక ‘పని జరిగినదా?’ అని అడుగును. అయినను నేడు ఆగిన ప్రవాహము కొన్నాళ్లకు మరల సాగవచ్చును.

కనుక చిత్రము అందముగ నుండుట రుజువు కాదు. ముఖమున ఒక సగమునకు చిత్రము సాయముతోను, రెండవ సగమునకు అది లేకయు చికిత్స చేసి, ఏది ఏ వైపో తెలియనివారిచే కొన్ని మాసముల తర్వాత ఫలితమును పరీక్షింపజేయవలెను. అన్ని చర్మఛాయల వారిలోను ఇట్లు నెగ్గిన చిత్రమునే మార్గదర్శి యనవలెను. అంతవరకు అది వైద్యుని కంటికి తోడే కాని, వైద్యుని వివేకమునకు మారు కాదు.