పెగాసస్ సభాసంఘం: నిఘాపై శాసనసభ పరిశీలన ఎంత?

2022 మార్చిలో పెగాసస్ కొనుగోలు ఆరోపణపై ఆంధ్రప్రదేశ్ శాసనసభ భూమన కరుణాకర్ రెడ్డి అధ్యక్షతన సభాసంఘాన్ని నియమించింది. ఆరోపణకు మూలం పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ వ్యాఖ్య. విచారణకు లక్ష్యం 2019లో అధికారం కోల్పోయిన ప్రభుత్వం. అదే నెలలో పూర్వ నిఘా విభాగాధిపతి ఎ.బి. వెంకటేశ్వరరావు, 2019 మే వరకు అటువంటి కొనుగోలు జరగలేదని విజయవాడలో విలేకరులకు చెప్పారు. పత్రికలతో మాట్లాడినందుకు ప్రభుత్వం ఆయనకు మెమో జారీచేసింది. నిఘా గురించి తెలిసినవారు పెదవి విప్పితే సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చే చోట పత్రికలకు మిగిలేది పార్టీల ప్రకటనలే.

సెప్టెంబరులో సభ ముందుకు వచ్చిన మధ్యంతర నివేదికలో ప్రధానాంశం పెగాసస్ కాదు, ‘సేవామిత్ర’ యాప్‌కు పౌరుల సమాచారం చేరిందన్న ఆరోపణ.

అసలు లోపం చట్టపు అమరికలో ఉంది. 1996 నాటి పి.యు.సి.ఎల్. తీర్పు దరిమిలా, టెలిగ్రాఫ్ నిబంధనల్లో చేరి 2024 వరకు అమల్లో ఉన్న 419ఎ ప్రకారం, రాష్ట్రంలో ఫోన్ల నిఘాకు హోం కార్యదర్శి అనుమతించేవారు. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కార్యదర్శులే సమీక్షించేవారు. అందులో న్యాయమూర్తి లేరు, శాసనసభ్యుడూ లేరు. పైగా సమాచారహక్కు చట్టం 24(4) సెక్షన్, అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలు మినహా, నిఘా సంస్థలను చట్టపరిధి నుంచి తప్పించే అధికారాన్ని రాష్ట్రానికి ఇస్తున్నది. గత ప్రభుత్వ కాలానికి పరిమితమైన తాత్కాలిక సంఘం ఈ అమరికను కదపలేదు. 2022లో అధికారంలో ఉన్నవారి నిఘాను అడిగే స్థాయీసంఘం సభకు లేనేలేదు.