ఓట్లు ఎలా లెక్కపెట్టారు?

సమావేశాలకు మినిట్స్ రాయడం నాకు పాత అలవాటు. అందుకేనేమో, కాన్‌స్టాన్స్ మహాసభ (1414–18) గురించి చదివేటప్పుడు నా చూపు వేదాంతం మీద ఆగదు, ఓట్ల లెక్క మీదికే పోతుంది.

అప్పటికి కేథలిక్ చర్చికి ముగ్గురు పోపులు. 1378లో రోముకీ అవిన్యోన్‌కీ మధ్య పడిన చీలికను పూడుద్దామని 1409లో పీసాలో సభ పెడితే, ఉన్న ఇద్దరూ దిగలేదు, పైగా మూడో ఆయన తేలాడు. ఆ పీసా వరుసలోని 23వ జాన్ కాన్‌స్టాన్స్‌కు ధీమాగానే వచ్చాడు. వెంట ఇటలీ బిషప్పులు మందలా ఉన్నారు, తలకో ఓటైతే గెలుపు ఆయనదే. సభ మాత్రం ఇటలీ, ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు అని జట్లు కట్టి, జట్టుకో ఓటంది. 1415 మార్చిలో జాన్ మారువేషంలో ఊరు దాటాడు. (తర్వాత చర్చి ఆయన్ని పోపుల లెక్కలోంచి తీసేసింది. 1958లో మరొకాయన అదే పేరు, అదే అంకె పెట్టుకున్నాడు.)

పిలిచినవాడే పారిపోతే సభ చెల్లుతుందా? పారిస్ విశ్వవిద్యాలయం ఛాన్సలర్ జెర్సన్ చెల్లుతుందన్నాడు. ఏప్రిల్ 6న సభ తీర్మానించింది: మా అధికారం నేరుగా క్రీస్తు నుంచి వచ్చింది, విశ్వాసం, చీలిక, సంస్కరణ విషయాల్లో పోపైనా మాకు లోబడాల్సిందే. ఆ ధైర్యానికి మురిసిపోబోతానా, అదే సభ జులై 6న, చర్చి తీరును విమర్శించిన బొహీమియా బోధకుడు యాన్ హుస్‌ను కాల్చి చంపించింది. చక్రవర్తి కాబోయే సిగిస్మండ్ ఇచ్చిన అభయపత్రం పట్టుకుని వచ్చిన మనిషి ఆయన. పోపును నిలదీయొచ్చు, సభను నిలదీయకూడదన్నమాట.

పాత ముగ్గురు పోపుల సంగతి తేల్చాక, 1417లో ముందు సంస్కరణా, ముందు కొత్త పోపా అన్న తగువు పడింది. పోపే ముందన్నవాళ్లు నెగ్గారు. సంస్కరణ కోరినవాళ్లకు దక్కినదాంట్లో ముఖ్యమైనది అక్టోబరు 9 నాటి ఒక తీర్మానం: తదుపరి సభ అయిదేళ్లకు, ఆపైది ఏడేళ్లకు, ఆ తర్వాత పదేళ్లకోసారి. మినిట్స్ చివర రాసే ‘తదుపరి సమావేశం’ అన్న పంక్తిని ఇంత గట్టిగా వాడినవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు. నవంబరులో అయిదో మార్టిన్‌ను ఎన్నుకున్న తీరూ అంతే పకడ్బందీ. 23 మంది కార్డినల్స్, అప్పటికి స్పానిష్‌తో కలిపి అయిదైన జట్ల నుంచి ఆరుగురు చొప్పున 30 మంది. కార్డినల్స్‌లోనూ, ప్రతి జట్టులోనూ విడివిడిగా మూడింట రెండొంతులు రావాలి.

మార్టిన్ మాట తప్పలేదు. 1423లో పావియాలో సభ పిలిచాడు. వచ్చినవాళ్లు పలచన; ప్లేగు భయంతో సియెనాకు మారింది, మరుసటేడు మూతపడింది. 1431లో మొదలైన బాజెల్ సభే పోపుతో నిజంగా తలపడింది. అక్కడ కార్యదర్శిగా కలం పట్టిన ఈనియా సిల్వియో తర్వాత రెండో పయస్ పేరుతో తానే పోపు అయ్యాడు. పోపు తీర్పు మీద మహాసభకు అప్పీలు చేయడాన్ని 1460లో నిషేధించింది ఆయనే.