మాంత్రికుడి వారసులు

స్టార్ వార్స్ అభిమానుల మధ్య ఒక తెగని తగువుంది. 1977లో నల్ల ముసుగుతో దిగిన డార్త్ వేడర్ అసలైన విలనా, అతణ్ణి ఆడించిన చక్రవర్తి పాల్పటీనా, 2015లో తాతగారి కాలిన ముసుగును దాచుకుని దాని ముందు మొరపెట్టుకున్న కైలో రెన్నా అని. తరానికొకడు దొరికాడు కాబట్టి వాళ్లకు పోల్చుకోవడం తేలిక. మన దగ్గర అలా అంకెలేసుకుంటూ సాగిన సైన్స్ ఫిక్షన్ వరస లేదు. ‘ఆదిత్య 369’ 1991లో వచ్చింది, ‘కల్కి 2898 ఏడీ’ 2024లో వచ్చింది. మధ్యలో చిన్న ప్రయత్నాలు జరగలేదని కాదు గానీ ఆ రెంటికీ ఎడం 33 ఏళ్లు. అయినా విలన్ల వంశం మాత్రం మనకూ ఉంది. దాని వేరు సైన్సులో కాదు, జానపదంలో దొరుకుతుంది.

ఎర్రగడ్డ నుంచి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా చెక్‌పోస్టు ఎక్కి ఫిల్మ్‌నగర్ చేరేలోపు కథలు పట్టుకుని తిరిగే కుర్రాళ్లు ఎందరో కనిపిస్తారు. ఎవర్ని కదిపినా హీరో ఎంట్రీ పది నిమిషాలు చెబుతారు. విలన్ సంగతేమిటయ్యా అంటే ఒకటే మాట: ‘చాలా పవర్‌ఫుల్ సార్!’ పవర్ ఒక్కటే ఉంటే విలన్ నిలబడడని మన సినిమా 1951లోనే తేల్చేసింది. ఆ ఏడాది మార్చి 15న విడుదలైన ‘పాతాళభైరవి’ మళ్లీ ఒకసారి చూస్తే ఆ కిటుకు విప్పి చెప్పినట్టే ఉంటుంది.

విజయా వారి చిత్రం. కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రాహకుడు. నేపాళ మాంత్రికుడికి రాని విద్య లేదు. కానీ పాతాళభైరవి ప్రసన్నం కావాలంటే లక్షణాలన్నీ కుదిరిన ఒక సాహసిని బలివ్వాలి. అదొక్కటీ అతని మంత్రాల సంచీలో లేదు. దాని కోసం కొండలు దాటి ఉజ్జయిని రావాలి, నలుగురిలో గారడీ చేయాలి, తోటరాముడి లాంటి మొండివాణ్ణి వెతికి పట్టుకోవాలి, ఆశ పెట్టాలి, బుజ్జగించాలి. చంపదలచినవాడికి దారి పొడుగునా గురువుగా నటించాలి. ఇంత శక్తి ఉన్నవాడు ఒక తోటమాలి కొడుకు దగ్గర ఇచ్చకాలాడాల్సి వచ్చింది చూడండి, ఆ పాత్రకు ప్రాణం అక్కడుంది. కథను నడిపేది అతని బలం కాదు, అతని లోటు.

ఆ వేషం తెర మీదికి వచ్చేనాటికి ఎస్.వి.రంగారావుకి 32 ఏళ్లు. అంతకుముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారు, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో నాటకాలు ఆడారు. రంగస్థలం నేర్పిన పొదుపు మాంత్రికుడిలో కనిపిస్తుంది. అరవడు. తల కాస్త వంచి కనుబొమల కిందనుంచి చూస్తాడు, ‘డింభకా’ అని పిలిచేటప్పుడు ప్రేమా వెటకారమూ ఒకే గుక్కలో పలుకుతాడు. రాముడికి అది గురువు పిలుపు, మనకు కసాయి పిలుపు. ఒక్క మాట రెండు చెవులకు రెండు రకాలుగా వినపడేట్టు పలకడం చిన్న విద్య కాదు. పక్కన సదాజపుడిగా పద్మనాభం ఉండటం కూడా లెక్క ప్రకారమే. మాంత్రికుడు మనసులో మాట ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా, ఆ శిష్యుడు లేకపోతే ప్రేక్షకుడికి పథకం తెలిసే దారే లేదు.

ఈ సంప్రదాయంలో రెండో కిటుకు, ప్రాణాన్ని ఒంట్లో కాక వేరేచోట దాచడం. ఇది సినిమావాళ్లు కనిపెట్టింది కాదు. బాలనాగమ్మ కథ విన్న ప్రతి ఇంటికీ ఏడు సముద్రాల అవతలి చిలక తెలుసు. 1942లో జెమినీ వారి ‘బాలనాగమ్మ’లో గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా ఆ చిలకను వెండితెర మీదికి తెచ్చారు. ప్రాణం బయట ఉందంటే హీరో విలన్ కన్నా బలవంతుడు కానక్కర్లేదు. రహస్యం తెలిస్తే చాలు. రహస్యం తెలియాలంటే విలన్ నోరు జారాలి. నోరు జారాలంటే వాడికి ఎవరి మీదో మోజుండాలి. ‘పాతాళభైరవి’లో ఆ చిలక గడ్డంలోకి వచ్చి చేరింది. రాకుమారి ఇందుమతి కంటికి పడుచువాడిలా కనబడాలన్న యావలో, సదాజపుడి వేషంలో వచ్చిన రాముడి స్నేహితుడు అంజి మాటలు నమ్మి మాంత్రికుడు గడ్డం గీయించుకున్నాడు. దాంతో శక్తి పోయింది. నన్నడిగితే తెలుగు తెర మీద అంత హాయిగా ఓడిన విలన్ మరొకడు లేడు. కత్తి తగలకముందే మంగలిపని అతణ్ణి ముగించింది. ఉజ్జయినికి లాక్కొచ్చింది ఒక కోరిక, మంగలి కత్తి ముందు కూర్చోబెట్టింది మరో కోరిక.

తర్వాతి కాలంలో బి.విఠలాచార్య ఈ సరుకును చౌకగా, వేగంగా, నవ్వుతూ పంచిపెట్టారు. రాజనాల మాంత్రికుడి వేషాల్లో హూంకరించారు, పుర్రెలు మాట్లాడాయి, మనుషులు చిలకలయ్యారు. కాల్‌షీట్లు ఇవ్వని నటుణ్ణి పక్షిగా మార్చేసి షూటింగ్ కానిచ్చేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ విలన్ ఎదగలేదు గానీ చావలేదు కూడా. అది చాలు.

అసలు మలుపు 1990, 1991లలో వచ్చింది. ఆ రెండేళ్లలో ఒకే నటుడు, అమ్రీష్ పురి, పాత విలన్‌నీ కొత్త విలన్‌నీ వెంటవెంటనే వేశారు. 1990 మే 9న వైజయంతీ మూవీస్ ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ వచ్చింది. అందులో మహాద్రష్ట పక్కా మాంత్రికుడు. దేవకన్య ఇంద్రజ ఉంగరం కావాలి, అది ఒక మామూలు గైడు వేలికి ఉంది. మళ్లీ అదే లోటు, అదే వేట. 1991 జూలై 18న సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ వచ్చింది. ఇందులో అదే అమ్రీష్ పురి సూటు వేసుకుని రాజావర్మ అయ్యారు. పురాతన వస్తువుల పిచ్చి ముదిరిన పెద్దమనిషి, సాలార్‌జంగ్ మ్యూజియంలోని శ్రీకృష్ణదేవరాయల నాటి వజ్రం కాజేయించే దొంగ.

‘ఆదిత్య 369’ను నెత్తిన పెట్టుకునే తరం మాది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి: ఆ సినిమాలో కాస్త సన్నబడిన పాత్ర ఏదైనా ఉంటే అది విలనే. కాలయంత్రం 1526కి వెళ్లి రాయలవారిని చూపించింది, 2504కి వెళ్లి భవిష్యత్తును చూపించింది. ఇన్ని వందల ఏళ్లు అటూ ఇటూ తిరిగినా దుర్మార్గుడి ఆశ ఒక అద్దాల పెట్టె దాటలేదు. మాంత్రికుడి చేతిలో ఉండాల్సిన అద్భుతం కాస్తా మంచివాడైన ప్రొఫెసర్ చేతికి వెళ్లింది. టిన్నూ ఆనంద్ వేసిన రామదాసు అన్నమాట. సైన్సు మంచివాళ్ల పక్షాన చేరిపోయేసరికి విలన్‌కి మిగిలింది స్మగ్లింగ్. సింగీతం గారికి ఇది తెలియదనుకోవడానికి లేదు. ‘మాయాబజార్’కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి. మూడేళ్లు తిరక్కుండా 1994లో ‘భైరవ ద్వీపం’ తీసి, విజయ రంగరాజుతో మాంత్రికుణ్ణి మళ్లీ ద్వీపానికీ రాకుమార్తె బలికీ రప్పించారు. సైన్సు కథలో చోటు దొరకని మాంత్రికుడికి జానపదంలో బాకీ తీర్చినట్టు అనిపిస్తుంది నాకు.

మంత్రానికీ ఆధునిక కాలానికీ ముడి వేసింది నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి, దర్శకుడు కోడి రామకృష్ణ జంట. ‘అమ్మోరు’ (1995)లో రామిరెడ్డి వేసిన మాంత్రికుడు, ‘అంజి’ (2004)లో భాటియా, ‘అరుంధతి’ (2009)లో పశుపతి. వీళ్లలో ‘అంజి’ విలన్‌కి రావలసినంత పేరు రాలేదు. డెబ్బై రెండేళ్లకోసారి ఆత్మలింగం మీద ఆకాశగంగ దిగుతుంది, ఆ నీళ్లు తాగినవాడికి చావు లేదు. ముసలితనంలో ఉన్న డబ్బున్న మనిషికి అది కావాలి. ఆ వేషం వేసింది ఎవరనుకున్నారు? కాలయంత్రం కట్టిన అదే టిన్నూ ఆనంద్. మంత్రం రాదు, తపస్సు లేదు, అయినా అన్నీ కొనగలిగినవాడు. మాంత్రికుడు పెట్టుబడిదారుడిగా మారిన క్షణం తెలుగు సినిమాలో ఇదేనని నా లెక్క.

పశుపతి దగ్గర ఆగాలి. ‘అరుంధతి’లో అతను సమాధి అయిన ప్రేతం, గద్వాల కోట దాటి రాలేడు. నేపాళ మాంత్రికుడికి ఉన్న కాళ్లు ఇతనికి లేవు. మరి అరుంధతిని లాక్కురావడం ఎలా? గొంతుతో. తెర మీద సోనూ సూద్, గొంతు పి.రవిశంకర్‌ది. ‘బొమ్మాళీ’ అన్న ఆ పిలుపు కోట గోడలు దాటి వచ్చి పిల్లల ఆటల్లో కూడా చేరిపోయింది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల్లోని డబ్బింగ్ థియేటర్లలో ఈ పని ఎలా సాగుతుందో చూస్తే గౌరవం పెరుగుతుంది. చీకటి గది, ఎదురుగా తెర, ముందు మైకు. చిన్న ముక్క వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. పెదాలు కలిస్తే సరిపోదు. తెర మీది మనిషి ఊపిరి ఎక్కడ పీల్చాడో అక్కడే పీల్చాలి, నవ్వు పళ్ల వెనక ఆగిందా గొంతులోంచి వచ్చిందా పట్టుకోవాలి. తెలుగు రాని నటుడైతే పదం ఒకచోట విరుగుతుంది, అర్థం మరోచోట విరుగుతుంది; ఆ రెంటినీ అతికించాలి. రవిశంకర్ తండ్రి పి.జె.శర్మ, అన్న సాయికుమార్ ఇద్దరూ ఈ విద్యలో పేరున్నవాళ్లే. డార్త్ వేడర్‌ది కూడా ఇదే అమరిక: ఒళ్లు డేవిడ్ ప్రౌజ్‌ది, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. ముసుగు వెనక ఉన్నవాడికి వాళ్లు గొంతు అతికించారు, ముఖం కనబడుతున్నవాడికి మనవాళ్లు అతికించారు. ఏది కష్టమో చెప్పక్కర్లేదు.

‘బాహుబలి’ కాలకేయుడు ఈ వంశంలోకి రాడు. ప్రభాకర్ బాగా చేశారు, కిలికి భాష బాగా పేలింది. కానీ అతనికి మన దగ్గర నుంచి కావాల్సింది దేశం. అది అడిగి తీసుకునేది కాదు, సైన్యంతో వచ్చి లాక్కునేది. భయపెడతాడు, అంతే, బుజ్జగించడు.

ఇక యాస్కిన్. 2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ కూడా వైజయంతీ వారిదే. అంటే మహాద్రష్టను తెచ్చిన సంస్థే 34 ఏళ్ల తర్వాత యాస్కిన్‌నీ తెచ్చింది. దర్శకుడు నాగ్ అశ్విన్‌కి సింగీతం మార్గదర్శిగా ఉన్నారు. కె.వి.రెడ్డి, ఆయన శిష్యుడు, ఆ శిష్యుణ్ణి గురువుగా ఎంచుకున్న కుర్రాడు. మాంత్రికుడు ఏ దారిన యాస్కిన్ ఏలే కాంప్లెక్స్‌లోకి వచ్చాడో వెతకనక్కర్లేదు. కింద కాశీ వీధులు ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికే తుక్కుతో కట్టినట్టుంటాయి, పైన కాంప్లెక్స్‌లో నీళ్లూ పచ్చదనమూ. ఆ పైన ఎక్కడో ఎండిన దేహంతో యాస్కిన్‌గా కమల్ హాసన్. ఇతనికి కావాల్సింది గర్భంలో పెరుగుతున్న బిడ్డ నుంచి తీసే సీరం. సాహసి బలి, రాకుమార్తె బలి, చివరికి తల్లుల బలి. ప్రయోగశాల పెట్టి, గొట్టాలు బిగించి, ఆడవాళ్లకు పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చారు గానీ జరుగుతున్నది భైరవికి చేసిన పూజే. ఆలోచనగా చూస్తే మన మాంత్రికుల్లో అందరికన్నా భయంకరుడు ఇతనే. ముందటివాళ్లు ఒక్కరిని బలివ్వబోయారు, ఇతను బలిని పరిశ్రమగా మార్చాడు.

మరి నేపాళ మాంత్రికుడంత గుర్తుండిపోయాడా? ఉండలేదు. కారణం నటన కాదు. యాస్కిన్ ఎవర్నీ ఒప్పించక్కర్లేదు. వెతకడానికి, పట్టుకురావడానికి, తిరుగుబాటుదార్ల శంబల మీదికి దండెత్తడానికి శాశ్వత ఛటర్జీ వేసిన మానస్ ఉన్నాడు. సదాజపుడు గురువుగారి మాట వినేవాడే తప్ప గురువుగారి పని చేసేవాడు కాదు. ఇక్కడ శిష్యుడే బయట తిరుగుతుంటే గురువు తెర వెనక ఉండిపోయాడు. ఆ బిడ్డను మోస్తున్న సుమతికీ యాస్కిన్‌కీ ఒక్క సంభాషణ కూడా లేదు. బలి ఇచ్చేవాడూ బలి అయ్యేవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోకపోతే కడుపులో ఆ తిప్పుడు పుట్టదు.

అయితే చివర్లో ఒక పని జరిగింది. ఒక్క చుక్క సీరం ఒంట్లో పడగానే యాస్కిన్‌కి సత్తువ వచ్చింది, గాండీవం చేతికెత్తుకున్నాడు, శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లోని జగన్నాథ రథచక్రాలను గొంతెత్తి చదివాడు. పతితుల కోసం, భ్రష్టుల కోసం రాసిన కవిత్వాన్ని వాళ్ల నెత్తుటి మీద బతికేవాడి నోట పెట్టడం దుస్సాహసమే. కొందరు నొచ్చుకున్నా తప్పు పట్టలేం. కానీ నాకు అప్పుడే పాత వాసన తగిలింది. దగా చేయబోయేవాడు మనకు బాగా నచ్చిన మాటే ఎంచుకుని మనతో మాట్లాడటం, ఉజ్జయిని సంతలో నేపాళ మాంత్రికుడు చేసిందీ అదే.

ఇప్పుడు యాస్కిన్‌కి కాళ్లున్నాయి, గొంతుంది. కావాల్సింది మాత్రం ఇంకా సుమతి కడుపులోనే ఉంది. రెండో భాగంలో దానికోసం మళ్లీ ఇంకో మానస్‌ని పంపితే ఒక్క పెద్ద యుద్ధం చూసి ఇంటికి వస్తాం. తనే కాంప్లెక్స్ దిగి, ఏ సాధువులాగో ఏ వైద్యుడిలాగో సుమతి గుమ్మం ముందు నిలబడి ‘అమ్మా’ అని పిలిస్తే మాత్రం, ఎస్వీఆర్ పక్కన పీట వేయాల్సిందే.