మండువా లోగిలి హోటలైతే: గోడమీద ఎవరు, గుమ్మంలో ఎవరు?

గోదావరి జిల్లాల్లో హోటల్ అనే మాటకి నిన్నమొన్నటిదాకా రెండే అర్థాలు. ఒకటి, ఇడ్లీ కాఫీ దొరికే చోటు. రెండు, పొరుగూరి మనిషి రాత్రికి తల దాచుకునే లాడ్జి. దళితుడికి మాత్రం రెండుచోట్లా ఒకటే ప్రశ్న ఎదురైంది: "నువ్వెవరి తాలూకు?" జవాబుని బట్టి గ్లాసు మారింది, కూర్చునే చోటు మారింది, గది ఖాళీగా ఉన్నా లేదన్న మాట వినపడింది. ఇప్పుడు ఆ మాటకి మూడో అర్థం చేరింది. దాన్ని బొటిక్ హోటల్ అంటున్నారు. పదో ఇరవయ్యో గదులుంటాయి. ప్రతి గదిలో ఒక బొమ్మ, ఒక అల్లిక, ఒక పాత సామాను. అక్కడ దిగడమంటే కళ మధ్య నిద్రపోవడమని ప్రచారం. ఆదివారం అనుబంధాల్లో వీటి గురించి రాసేవాళ్ళు పరుపు మెత్తదనం, తిండి రుచి, బొమ్మల అందం చెప్పి ఆపేస్తారు. మనం అక్కడ ఆగడానికి వీల్లేదు. హోటల్ గోడమీద కళ ఊరికే వేలాడదు. ఈ ఇల్లు ఎవరిది, ఇక్కడ అతిథి ఎవరు, అలంకారం ఎవరు అన్నది అదే చెబుతుంది. ఆ చెప్పేదాన్ని చదవాలి.

ఈ రకం బసకి తెలుగు నేలమీద అందరికీ తెలిసిన ఉదాహరణ హైదరాబాదు ఫలక్‌నుమా. 1884లో వికారుల్ ఉమ్రా కట్టడం మొదలుపెట్టిన ఆ మేడ తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చింది. 2010లో తాజ్ వారి హోటలయింది. ఒకేసారి 101 మంది కూర్చునే భోజనపు బల్ల అక్కడి గొప్ప. ఆ బల్ల చూసినవాడికి ఇల్లు ఎవరిదో వెంటనే తెలుస్తుంది. దాపరికం లేదు. డబ్బిచ్చి ఒక రాత్రి నవాబు కావచ్చు, అంతే. డెల్టాలో అమ్మే సరుకు వేరు. ఇక్కడ అమ్మేది పచ్చదనం, పాత ఇల్లు. దిండి దగ్గర వశిష్ఠ గోదావరి మీద పడవ ఇళ్ళు, కొబ్బరి తోటల్లో రిసార్టులు, వాటితోపాటు మండువా లోగిళ్ళని బాగుచేసో, వాటిని పోలినట్టు కొత్తగా కట్టో బసకిచ్చే పద్ధతి.

మండువా అందమైన ఇల్లే, కాదనం. నడిమధ్య ఆకాశం కనపడే జాగా, నాలుగు పక్కలా వసారాలు, పెంకుల కప్పు, టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు. కానీ ఆ ఇంటికి రెండు దారులున్నాయి. వీధి గుమ్మం ఒకటి, దొడ్డి గుమ్మం ఒకటి. పాలేరు దొడ్డివైపు నుంచే వచ్చాడు. పశువుల కొట్టం, గడ్డివాము, ధాన్యం కొలిచే చోటు, ఆయనకి తెలిసిన మండువా ఇంతే. తిండి కూడా ఆ పెరట్లోనే, ఎడంగా కూర్చుని తిన్నాడు. ఆ టేకు స్తంభాలకి డబ్బెక్కడిది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొరకి డెల్టాలో ఊరూరా విగ్రహాలున్నాయి. నీళ్ళు కాలవల్లోకి వచ్చాయి సరే, ఆ నీళ్ళలో వంగి ఊడ్చిన మాల మాదిగ ఆడకూలీలకి విగ్రహం ఎక్కడుంది? పండిన వరి ఒకచోట మండువాగా లేచింది, పండించినవాళ్ళు వాడలో పాకల్లోనే ఉన్నారు. బోర్డు మీద "వారసత్వపు బస" అని రాసినప్పుడు వారసులెవరని అడగాలా వద్దా?

కోనసీమలోనే మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశారు. అందులో పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. అలాంటి పాలేరు మనవడు ఇవాళ టీచరో, బ్యాంకు ఉద్యోగో అయి, పెళ్ళాం పిల్లలతో మండువా హోటల్లో దిగాడనుకుందాం. వీధి గుమ్మంలోంచే లోపలికి వెళతాడు. కొబ్బరి బొండాం చేతికిచ్చి "రండి సార్" అంటారు. దీన్ని చిన్న సంగతిగా తీసిపారెయ్యకండి. అది ఎవరి దయాధర్మమూ కాదు. విదేశాల్లో చదువుకుని వచ్చి 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్ళిన అంబేద్కర్‌కి ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని ఉన్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చిన గుంపు ఆయన్ని వెళ్ళగొట్టింది. అంత చదువూ ఒక గదిని నిలబెట్టలేకపోయింది. అందుకే రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ళని పేరుపెట్టి మరీ చెప్పింది. 1955 చట్టం హోటల్లో అందరికోసం ఉంచిన పాత్రలు వాడుకోనివ్వకపోవడాన్ని నేరం చేసింది. మనకి బస విలాసం కాకముందే హక్కు.

ఆ 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు వరసగా ఉన్నాయి. ఆ జాబితాని కోస్తా చరిత్ర పక్కన పెట్టి చూడండి. 1985 జులై 17 కారంచేడు. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6 చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలైంది. అందరూ వాడుకునే చోట మనవాడు అందరిలా నిలబడితే ఊచకోత కోశారు. మన డెల్టాలో 2022 మే 24న, జిల్లాకి అంబేద్కర్ పేరు చేరుస్తామన్నందుకు అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పేరు నిలబడింది. అది ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఈసారి అటు వెళ్ళినప్పుడు హోటల్ బోర్డుల మీద, యాత్రల కరపత్రాల మీద ఆ పూర్తి పేరు ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టండి. కొబ్బరిచెట్టు బొమ్మ పక్కన ఏ పేరు ఇముడుతుంది, ఏ పేరు ఇమడదు అనేది కూడా సౌందర్యశాస్త్రమే.

ఇక గదిలోకి వద్దాం. మంచానికి ఎదురుగా వేలాడే బొమ్మల తరహా అందరికీ తెలిసిందే. ఊడుపు చేలో వరసగా వంగిన ఆడవాళ్ళు, ఎర్ర చీరలు, పచ్చటి చేను, వెనక కొబ్బరిచెట్లు. నడుం కనిపిస్తుంది, ముఖం కనిపించదు. కనిపించినా పెద్ద బొట్టే గానీ కళ్ళలో ఏమీ ఉండదు. ఆరోజు కూలి ఎంతో, పొద్దస్తమానం నీళ్ళలో నానిన కాలివేళ్ళ సందులు ఎట్లా ఒరుస్తాయో బొమ్మ చెప్పదు. చిత్రకారుడు అవన్నీ చెప్పి తీరాలని మనం శాసించడం లేదు. కానీ మంచం మీద పడుకున్నది ఆవిడ కొడుకైతే? అతను అద్దె కట్టిన గదిలో అతని తల్లి నడుమే అలంకారం. పక్క గదిలో భూస్వామి మనవడికి అదే బొమ్మ అమ్మమ్మగారి ఊరు, సెలవుల జ్ఞాపకం. ఇతనికి అది ఇంట్లోవాళ్ళ చాకిరీ. ఇద్దరూ కట్టింది ఒకే అద్దె. గోడ మాత్రం ఒకరితోనే మాట్లాడుతోంది. ఇతన్ని అతిథిగా పిలిచిన ఇల్లే ఇతన్ని దృశ్యంగా చూస్తోంది.

పక్క గోడకి డప్పు తగిలిస్తారు. డప్పు చావుకి మోగింది, జాతరకి మోగింది, చాటింపుకి మోగింది. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం పేరులోనే డప్పు మోత ఉంది. మంటమీద కాచి, బిగువెక్కించి, గుండెకి ఆనించుకుని కొట్టేది డప్పు. మేకుకి తగిలించిన డప్పుని ఎవరూ కాచరు. నోరు కట్టేసిన డప్పే హోటల్‌కి అందంగా కనిపిస్తుంది. జాషువా 1941లో 'గబ్బిలం' తెచ్చారు. మనిషికి ప్రవేశం లేని గుళ్ళోకి గబ్బిలానికి ప్రవేశం ఉందన్నది ఆ కావ్యానికి ఆయువుపట్టు. బొటిక్ హోటల్లో ఆ లెక్క కొంచెం మారింది. తోలుకి లోపల ప్రవేశం దొరికింది. తోలుపని చేసినవాడు డబ్బుంటే లోపలికి రావచ్చు, లేకపోతే బయటే. వస్తువుకి అంటు పోయింది గానీ దాని వెనక మనిషి పేరు మాత్రం గోడమీదికి ఎక్కలేదు.

బల్లమీద పరిచిన లేసు సంగతి చూడండి. నరసాపురం లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీలతో ఈ ప్రాంతానికి వచ్చింది. మొదట నేర్చుకున్నవాళ్ళలో క్రైస్తవం తీసుకున్న మాల మాదిగ ఆడవాళ్ళున్నారు. తర్వాత అది ఘోషా పాటించే కాపు ఇళ్ళ ఆడవాళ్ళ చేతికి ఎక్కువగా వెళ్ళింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ పనివాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. సరుకు విదేశాలకు పోతుంది, వ్యాపారులు పెరుగుతారు, అల్లేవాళ్ళని మాత్రం "ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకుంటున్నారు" అంటారు. కార్మికురాలు అనరు గనక కూలి అడిగే హక్కు కూడా ఉండదు. పొలం పనికి వెళ్ళే దళిత స్త్రీ రోజు కూలి కన్నా గడప దాటని లేసు స్త్రీ సంపాదన తక్కువని కూడా ఆమె చూపించారు. గడప దాటకపోవడమే పరువు, ఆ పరువే కూలి కోత. అంటే ఈ దోపిడీ ఒక్క కులంతో ఆగేది కాదు. కులమూ మగపెత్తనమూ కలిసి వేసిన ముడి అది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. ఆ గుర్తింపు ఊరి పేరుని కాపాడుతుంది. అల్లిన చేతికి గంటకెంత అన్నది మాత్రం నిర్ణయించదు.

"హోటళ్ళు కొనబట్టే కదండీ ఈ కళలు బతుకుతున్నాయి? వద్దంటే వాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. కొనొద్దని మనం అనడం లేదు. ఆర్డరు వస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుందని మనకి తెలుసు. కానీ చిత్రకారుడి బొమ్మ కింద పేరుంటుంది, సంవత్సరం ఉంటుంది, ధర కూడా ఉంటుంది. లేసు కింద, డప్పు కింద, చాప కింద "గ్రామీణ కళ" అని మాత్రమే ఉంటుంది. చదువుకున్నవాడు చేస్తే కళ, వాడలో చేస్తే అజ్ఞాత సంప్రదాయమా? కళని బతికించడమంటే వస్తువుని అద్దాల పెట్టెలో బతికించడం ఒక్కటే కాదు. చేసినవాడి పేరునీ కూలినీ బతికించాలి. గదులు తుడిచేవాళ్ళు, మరుగుదొడ్లు కడిగేవాళ్ళు ఈ కళ మధ్యనే రోజంతా తిరుగుతారు. వాళ్ళు వచ్చే దారి ఇప్పటికీ వెనకవైపే. పాత దొడ్డి గుమ్మానికి కొత్తగా సర్వీసు దారి అని పేరు పెట్టారు.

కళ ఉన్న చోట తాళం ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయిన ఆ చిత్రకారుడి గోదావరి చూడటానికి గది అద్దెకు తీసుకోనక్కర్లేదు. రిక్షా తొక్కేవాడైనా లోపలికి వెళ్ళి నిలబడి చూడొచ్చు. ఆ బొమ్మల్లో మనం ఎంతవరకు ఉన్నామన్నది వేరే చర్చ. గోడ మాత్రం ప్రజలది. అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో 2006లో మొదలైన 21సి మ్యూజియం హోటల్ కూడా తన చిత్రశాలని గది తీసుకోనివాళ్ళకీ ఉచితంగానే తెరిచి ఉంచింది. అదేదో సమానత్వపు స్వర్గమని కాదు. లాభం కోసం నడిచే హోటల్ కూడా తలుచుకుంటే తలుపు తియ్యగలదని చెప్పడానికే.

కాబట్టి విద్యార్థులు, ఉపాధ్యాయులు, సంఘాలు చెయ్యాల్సిన పని ఒకటుంది. రాజమండ్రి నుంచి నరసాపురం, అమలాపురం దాకా కళని చూపించి గదులు అమ్ముకునే హోటళ్ళ జాబితా రాయండి. ఒక్కో వస్తువు దగ్గరా నాలుగు ప్రశ్నలు అడగండి. చేసినవాళ్ళ పేరు రాశారా? కొన్నప్పుడు వాళ్ళ చేతికి ఎంత ముట్టింది? చేసినవాళ్ళు ఎప్పుడైనా ఈ హాల్లో కుర్చీలో కూర్చుని కాఫీ తాగారా? ఆ వస్తువు కథని ఎవరు చెబుతున్నారు, వాళ్ళా, యజమానా? జవాబులు వాడలోకి తీసుకెళ్ళి, ఆ వస్తువులు చేసినవాళ్ళకి చదివి వినిపించండి. వాళ్ళు చెప్పే దిద్దుబాట్లు రాసుకుని, అప్పుడు పత్రికకి పంపండి. హోటల్ కళ మీద మనం రాయబోయే విమర్శకి మొదటి పాఠకులు వాళ్ళే కావాలి.