మాసూమా బేగం తర్వాత ఎవరు?

మాసూమా బేగం పేరెత్తితే మనవాళ్లు 'ఆంధ్రప్రదేశ్ తొలి మహిళా మంత్రి' అని గర్వంగా చెప్పి అక్కడితో ఆగిపోతారు. 1952లో శాలిబండ నుంచి, 1957లో పత్తర్‌గట్టి నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచారామె. 1960లో దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో చేరారు.

ఆమెది బిల్గ్రామీల ఖాందాన్. తల్లి తయ్యిబా బేగం పరదాల కాలంలోనే బి.ఎ. చదివారు. అలాంటి షరీఫ్ గడప దాటి ఓట్లడగడం నిజంగా తెగువే. అయితే ఆ గడపకి చదువుంది, పలుకుబడి ఉంది. పాతబస్తీలో జర్దోసీ కుట్టి కళ్లు పోగొట్టుకునే ఆడవాళ్లకి ఆ రెండూ లేవు. అందుకే ఆమె తెరిచిన తలుపులోంచి వాళ్లు రాలేకపోయారు.

1962లో పత్తర్‌గట్టిలోనే సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ చేతిలో ఆమె ఓడిపోయారు. దాన్ని కాంగ్రెస్ మీద మజ్లిస్ గెలుపుగానే చదువుకున్నాం. ఓడింది ఒక ముస్లిం స్త్రీ అన్న సంగతి మన చర్చలోకి రానేలేదు. 2023లో తెలంగాణ శాసనసభకి మజ్లిస్ నుంచి గెలిచిన ఏడుగురూ మగవాళ్లే.

అధికారంలో మా వాటా ఏదని సర్కారుని నిలదీస్తున్నాం. సబబే. అదే ప్రశ్న మన ఇళ్లలోని ఆడవాళ్లు మనల్ని అడిగితే ఏం చెబుతాం? మాసూమా బేగం ఫోటో చూపిస్తే సరిపోదు.