మదనపల్లె సంగీతోపాధ్యాయిని

పూజ్యుల గౌరవమును పెంపొందింపవలెనను తొందరలో, వారు చేయని పనిని వారికి అంటగట్టి, చేసిన పనిని మఱచుట మనలో తఱచుగా కానవచ్చుచున్నది. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో నివసించిన శ్రీమతి మార్గరెట్ కజిన్సు గారి విషయమునను ఇట్లే జరిగినది. "జనగణమన"కు వరుస కట్టినది ఆమెయే యని పలువు రందురు. ఆ గీతము 1911 డిసెంబరు 27వ తేదీననే కలకత్తా కాంగ్రెసు సభలో పాడబడినది. వరుస లేని పాటను సభలో పాడుట యెట్లు? కావున ఈ మాట నిలువదు.

ఐర్లండులో 1878లో జన్మించిన యీమె 1902లో సంగీతపట్టము పొంది, పాఠములు చెప్పుచు జీవించిరి. స్త్రీలకు వోటుహక్కు కోరి చెఱసాల కేగిరి. 1915లో భర్త జేమ్సు గారితో ఈ దేశమునకు వచ్చిరి.

1919 ఫిబ్రవరిలో రవీంద్రులు విశ్రాంతికై మదనపల్లెకు వచ్చి, ఒక సాయంకాలపు గోష్ఠిలో ఈ గీతమును పాడిరి. విద్యార్థులు పల్లవి నందుకొనిరి. ఆ నెల 28వ తేదీన కవి దానిని ఆంగ్లమున అనువదించిరి. శ్రీమతి కజిన్సు గారు వరుసను స్వరలిపిలో నిలిపి, విద్యార్థుల కంఠముల కలవరచిరి. ఆమె నిజమైన సేవ యిదియే.

ఇది చిన్నపని యని తలంపరాదు. పాశ్చాత్య వాద్యబృందమునకు ఎదుట నిలుచు నాయకుడు తాను ఏ వాద్యమును మ్రోగింపడు. పలువురిచే ఏకకాలమున పలికించును. మదనపల్లె, పుంగనూరు సీమ పల్లెలలో చెక్కభజన గురువు చేయునదియు నిదియే గదా! అయినను మన శాస్త్రీయ సంగీతము ఒక్క గాయకుని మనోధర్మముపై నిలిచినది. పలువురు కూడి పాడుటకు పాఠశాలలలో పద్ధతి యేర్పడలేదు. ఒకరి కంఠమున నున్న పాటను అందఱి సొత్తు గావించుటకు వ్రాత కావలెను, దిద్దువారు కావలెను.

దోషమును గూడ చెప్పవలెను. పాశ్చాత్య స్వరలిపి గమకమును పట్టజాలదు. స్వరములు మెట్లవలె నిలుచును గాని, వాని నడుమ జాఱుడు, ఊపు కాగితమున కెక్కవు. లిపినే ప్రమాణముగా గొన్నచో పాట బిగుసుకొనును. కాని వేయిమంది యొక్కటిగా పాడదలచినపుడు ఆ బిగువే ఆధారమగును. లాభనష్టముల నెఱిగియే యీ పద్ధతిని గ్రహింపవలెను.

ఆమె తక్కిన జీవితమును ఇదే విద్యకు విస్తరణము. 1917లో భారత మహిళాసంఘ స్థాపనమునకు తోడ్పడిరి. ఆ యేడే మాంటేగు మంత్రి యెదుట స్త్రీల వోటుహక్కును కోరిన బృందమును సమకూర్చిరి. 1921లో మద్రాసు రాజధాని స్త్రీల కా హక్కు లభించినది. 1927లో పూనాలో అఖిలభారత మహిళాసభ ఆరంభమునకు కారకులలో నొకరైరి. విడివిడిగా నున్న గొంతులను ఒక శ్రుతికి తెచ్చుటయే యంతట ఆమె పని. 1954లో ఆమె గతించిరి.

మన యిండ్లలో బాలికకు సంగీతము నేర్పించుట పెండ్లిచూపుల కొఱకే యైనచో ఆ విద్య అచ్చటనే ఆగిపోవును. పదుగురితో కలిసి పాడుట, ఇతరుల గొంతు వినుట, తన గొంతును హద్దులో నుంచుట నేర్పినచో సంఘమున నిలిచి మాటాడుటయు నేర్చును. మదనపల్లెకు ఈ పాఠమే చాలిన కీర్తి. లేని కీర్తిని అద్దనక్కఱలేదు.